జనానా డబ్బాలో ఒడిబియ్యం

మొన్న కంటి డాక్టరుకు చూపించుకుందామని నిజామాబాదు నుంచి పట్నం పోయే ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాను. బస్సు ఊరు దాటిందో లేదో పక్క సీటులో ఉన్న ఆవిడ సంచిలోంచి గుడ్డమూట తీసి ఒళ్ళో విప్పింది. జొన్నరొట్టెలు, వాటి మధ్య ఎల్లిపాయ కారం. డెబ్బై దాటిన ఈ వయసులో నా కళ్ళు మసకబారాయి గానీ ముక్కు మాత్రం ఇంకా పడుచుదే. అటు చూడకుండా, కిటికీ అవతలి చెట్లను లెక్కపెడుతున్నట్టు పెద్దమనిషి తరహాగానే కూర్చున్నాననుకున్నాను. ఆవిడ ఏం కనిపెట్టిందో ఏమో, నేనెవరినో, నా గొంతు ఎందుకంత బొంగురుగా ఉందో ఒక్క మాట అడగకుండానే రొట్టెను సగానికి తుంచి నా చేతిలో పెట్టింది. తిన్నాను. కారం ఘాటో, మరింకేమో, కళ్ళవెంబడి నీళ్ళు కారిపోయాయి. అట్లా తింటూ తింటూ నా మొదటి పట్నం ప్రయాణం గుర్తుకొచ్చి, కంటి డాక్టరు దగ్గరికి పోయేదాకా అదే తలపోసుకుంటూ కూర్చున్నాను.

నా ఈడువాళ్ళకు ఆ రోజుల గురించి వేరే చెప్పనక్కరలేదు. బోధన్ పక్కన చక్కెర ఫ్యాక్టరీ గోడలు లేస్తున్న కాలం. మంజీర పోయి గోదావరిలో కలిసే కందకుర్తికి కొంచెం ఇవతల మా ఊరు. చెరుకు పండించే ఇల్లు మాది. ఫ్యాక్టరీ రాకముందు ఊళ్ళోనే గానుగ ఆడించి, పెద్ద పెనం మీద రసం కాచి బెల్లం వండేవాళ్ళు. ఆ పొయ్యి దగ్గర వేడివేడి నురగను ఆకులో పెట్టుకుని ఊదుకుంటూ నాకిన నాలుక, తరువాత పట్నంలో ఎన్ని మిఠాయిలు రుచి చూసినా వాటిని మిఠాయిలని ఒప్పుకోలేదు. ఏం చేస్తాం, నోరు చిన్నప్పుడే చెడిపోయింది.

పుట్టినప్పుడు మంత్రసాని నన్ను మగపిల్లవాడని చెప్పింది. ఆవిడ తప్పేం లేదు, కంటికి కనబడిందే చెప్పింది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ మాత్రం నేను ఆడపిల్లనే. నాట్లప్పుడు ఆడవాళ్ళ వరుసలో నిలబడేదాన్ని, నన్ను కన్న మా అవ్వ చీర కుచ్చిళ్ళను దొంగతనంగా ముట్టుకుని మురిసేదాన్ని, చేతికి గాజులు తొడుక్కుని బాపు చేతిలో దెబ్బలు తినేదాన్ని. మీసాలు రావలసిన వయసులో బాపు విసిగిపోయి, ఈ గడప మళ్ళీ ఎక్కొద్దని గట్టిగా చెప్పేశాడు. కోపిష్టి మనిషే గానీ చెడ్డవాడు కాడు, ఊరి నోటికి భయపడ్డాడు. నన్ను రోజూ లోలోపల కోసింది బాపు తిట్లు కావు. అవ్వ ఆ రోజు వంటింటి తలుపుకు ఆనుకుని నిలబడి ఒక్క మాటైనా అనలేదు. పొమ్మనలేదు, ఉండమనలేదు. ఆమె మనసులో నేనేమిటో, కొడుకునో బిడ్డనో రెండూ కానిదాన్నో తెలియకుండానే ఊరు దాటాను.

నిజామాబాదులో ఖిల్లా గుట్ట కింది సందులో నన్ను చేరదీసిన మనిషిని మేమంతా గురువమ్మ అనేవాళ్ళం. మాలాంటి హిజ్రాలకు కన్నతల్లి ఇల్లు పోయాక గురువు ఇల్లే ఇల్లు. ఆమె గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. ఎత్తైన మనిషి, నుదుట రూపాయంత బొట్టు, నడుస్తుంటే సందులో కుక్కలు కూడా పక్కకు తప్పుకునేవి. తిట్టడం మొదలుపెడితే తెలుగు అయిపోయి ఉర్దూ, ఉర్దూ అయిపోయి మరాఠీ వచ్చేది. కానీ అన్నం దగ్గర మాత్రం గుడిలో మాట్లాడినట్టు మెల్లగా మాట్లాడేది. పిల్ల పుట్టిన ఇంటికి పోయి దీవించి తెచ్చిన బియ్యమో, అంగట్లో కొంగు చాపితే పడిన జొన్నలో, ఏవైనా సరే వండి వడ్డించాక మొదటి ముద్ద ఎత్తేముందు, ఇవి ఫలానా ఇంటి కోడలి చేతివి, ఇవి మాక్లూర్ దిక్కు ముసలవ్వ పెట్టినవి అని చెప్పేది. వాళ్ళ పేర్లు తెలియవు, ముఖాలు మాత్రం ఒక్కటీ మరిచిపోదు. ముఖం చిట్లించుకుంటూ పెట్టినవాళ్ళను కూడా వదిలిపెట్టేది కాదు. పెట్టినప్పటి ముఖం మనకెందుకు, పెట్టిన చెయ్యి చాలదా అనేది. ఇంత పెద్దదాన్నయినా ఆ బుద్ధి నాకు సగం కూడా అబ్బలేదు. చిట్లించుకున్న ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తే.

ఆమె దగ్గర చేరి ఏడాది దాటాక నన్ను పట్నం తీసుకుపోవాలని నిశ్చయించింది. పాతబస్తీలో మా పెద్దిల్లు ఉండేది. అక్కడ పెద్దల ముందు నిలబెట్టి, ఇది నా చేలా, నా శిష్యురాలు అని చెప్పి, కొత్త చీర కట్టబెడితే ఇక నేను ఆ ఇంటిదాన్ని. దాని తరువాత కన్నవాళ్ళ వైపు తిరిగి చూడకూడదని ఎవరూ చట్టం పెట్టలేదు గానీ, చూసేందుకు ఎవరికీ ఏమీ మిగిలేది కాదు. నాకు సంతోషంగానూ ఉంది, లోపల ఏదో తెగిపోతున్నట్టూ ఉంది. పోయేలోపల ఒక్కసారి అవ్వ నన్ను చూడాలి, కన్న కూతురిని పిలిచినట్టు నన్ను బిడ్డా అని పిలవాలి, నా కోరికంతా అదే. గురువమ్మకు చెప్పడానికి నోరు రాలేదు. ఆమె తనంతట తానే కనిపెట్టి, మా ఊళ్ళకు గాజులమ్మబోయే ఆమెతో అవ్వకు కబురు పెట్టించింది. గాజుల ఆమె అయితేనే వంటింటి దాకా పోగలదు, బాపు చెవిన పడకుండా చెప్పగలదు. నీ బిడ్డ ఫలానా రోజు పగటి బండికి పట్నం పోతున్నది అని, అంతే మాట. జవాబు రాలేదు.

ఆ రోజుల్లో మావాళ్ళు ఆడబట్టలతో బజారులో కనబడితే పోలీసులు పట్టుకుపోయేవాళ్ళు. అందుకని లోపల చీర కట్టుకుని పైనుంచి మగవాళ్ళ దుప్పటి కప్పుకుని బయలుదేరాం. నేను ఆకుపచ్చ చీర కట్టాను. ఎంత మోజుగా కట్టుకున్నానో, దాని మీద దుప్పటి పడగానే అంత దిగులేసింది. స్టేషనుకు చేరాం. ప్లాట్‌ఫారం మీద రుమాలు చుట్టుకుని, కర్ర పట్టుకుని, సాక్షాత్తూ బాపు నిలబడి ఉన్నాడు! కబురు బాపుకు తెలిసిపోయిందని, నలుగురిలో నన్ను కొట్టి ఈడ్చుకుపోవడానికే వచ్చాడని అనుకున్నాను. గురువమ్మ నా రెక్క పట్టుకుని మూటల గుట్టల చాటున బండి ఆ కొసకు లాక్కుపోయింది.

అక్కడ ఇంకో చిక్కు. మగవాళ్ళ డబ్బాలు అన్నీ కిటకిటలాడుతున్నాయి, ఆడవాళ్ళు మాత్రమే ఎక్కే జనానా డబ్బా ఒక్కటి పక్కనే ఉంది. ఏ డబ్బా ఎక్కాలి? మగవాళ్ళలో కూర్చోవాలంటే ఒళ్ళు జలదరించింది, ఆడవాళ్ళలోకి పోవాలంటే కాళ్ళు రాలేదు. నేను అట్లా నిలబడిపోతే గురువమ్మ చెవిలో అన్నది: "మగోళ్ళ డబ్బల కూసుంటె వాళ్ళ చేతులు ఊకుంటయానే? ఆడోళ్ళు తిడితె తిట్టిండ్రు. తిట్లు ఒంటికి అంటయా? ఎక్కు!" ఎక్కాం. తలుపు పక్కన కింద కూర్చుని, మోకాళ్ళలో తల పెట్టుకుని దుప్పటి నిండా కప్పుకున్నాను. బండి కదిలింది. బాపు చేతికి చిక్కలేదని ఊపిరి పీల్చుకోవాలా, అవ్వ రాలేదని ఏడవాలా, ఏదీ తేలక అట్లాగే ఉండిపోయాను.

కాసేపటికి బండి కుదుపుకు గురువమ్మ దుప్పటి జారింది. ఎదుటి బల్ల మీద మెడలో కంటె వేసుకుని, చుట్టూ మూటలు పేర్చుకుని కూర్చున్న ఒక దొరసాని లాంటి ఆవిడ మమ్మల్ని కిందికీ మీదికీ చూసి గయ్యిమన్నది. "ఓ యమ్మా, గీళ్ళెవ్వరు? గిది ఆడోళ్ళ డబ్బ గాదా? వచ్చే టేషన్ల దిగుండ్రి, లేకుంటె గార్డును పిలుస్త!" అందరూ మా వైపు తిరిగారు. గార్డు వస్తే పోలీసు వస్తాడు, పోలీసు వస్తే పెద్దిల్లు లేదు, ఏమీ లేదు. గురువమ్మ రెండు చేతులూ జోడించి, తలుపు పక్కనే ఉంటాం తల్లీ, మీ జోలికి రాము అంటున్నది. ముగ్గురు మనుషులను ఒక్క కేకతో పారదోలగలిగిన ఆ గొంతు నా కోసం అంత చిన్నదైపోవడం నేను వినడం అదే మొదటిసారి.

అప్పుడు డబ్బా ఆ చివరి మూలలోంచి, తలమీది కొంగు ముక్కు దాకా లాక్కుని కూర్చున్న ఒక మనిషి లేచింది. కదిలే బండిలో నిలబడడం చేతగాక బల్లలు పట్టుకుని, తూలుకుంటూ వచ్చింది. "గార్డునెందుకు పిలుస్తవమ్మా? అది నా బిడ్డ. అత్తగారింటికి పోతున్నది. ఒడిబియ్యం పోద్దామని అచ్చిన."

మా అవ్వ! చెప్తే నమ్మరు, నాకు లేచి కాళ్ళ మీద పడాలని కూడా తోచలేదు. కామారెడ్డిలో ఉన్న చిన్నమ్మను చూసి వస్తానని బాపుతో చెప్పిందట. బాపు స్వయంగా ఎడ్లబండి కట్టి తెచ్చి రైలెక్కించాడు. మగవాడు తొంగిచూడలేని చోటు జనానా డబ్బా ఒక్కటే కాబట్టి ఆమె ధైర్యంగా మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పుట్టి బుద్ధెరిగి రైలెక్కని మనిషి!

ఒడిబియ్యం సంగతి మన వైపు ఆడవాళ్ళకు చెప్పాలా? పెళ్ళయి పోయే బిడ్డకు తల్లిగారింటివాళ్ళు పసుపు కలిపిన బియ్యం చీర ఒడిలో పోస్తారు. ఆ బియ్యం ఆమె అత్తగారింట్లో వండి నలుగురికీ పెడుతుంది. కోడలికి పొయ్యరు, కొడుక్కి అసలే పొయ్యరు, బిడ్డకే పోస్తారు. అవ్వ మూట విప్పుతుంటే దుప్పటి తీసి పారేశాను. ఆకుపచ్చ చీర అందరి ముందూ బయటపడింది. సంబరంలో ఒళ్ళు తెలియక లేచి నిలబడి, రెండు చేతులతో కొంగు ముందుకు చాపి పట్టుకున్నాను. ఏడాదిగా అంగట్లో, ముంగిళ్ళలో పట్టి పట్టి నా చేతులకు వచ్చిన పట్టు అదే. మగపిల్లవాడిగా పెంచిన నాకు ఒడి పట్టడం ఎవరు నేర్పారు గనుక? అవ్వ చెయ్యి ఆగిపోయింది. "గట్ల పట్టకు బిడ్డా. గది అడుక్కునేటోళ్ళ పట్టుడు. నువ్వు అడుగుతలేవు, నేను పెడుతున్న. కూసో, కొంగు ఒడిల పరుసుకో." అని తానే నన్ను కింద కూర్చోబెట్టి, కొంగు మడతలు సర్ది, ఒడి చేసింది. బిడ్డా అన్నది. ఆ మాట కోసమే గదా నేను అన్ని రోజులూ కాచుకున్నది. అది ఆమె అంత మామూలుగా, నా తప్పు దిద్దుతూ అనేసింది.

దోసిలి నిండా బియ్యం ఎత్తిందో లేదో కంటె ఆవిడ మళ్ళీ గయ్యిమన్నది. "అయ్యో, ముందుగాల కుడుకలు పెట్టకుంట ఉత్త బియ్యం పోస్తరా? ఏ ఊరి పద్ధతమ్మా గిది?" గాభరాలో అవ్వ ఎండుకొబ్బరి కుడుకలను మూట అడుగునే మరిచిపోయింది. మమ్మల్ని దింపించాలని కూర్చున్న మనిషి, పద్ధతి తప్పుతుంటే చూడలేకపోయింది! అవ్వ నాలుక కరుచుకుని కుడుకలు, ఖర్జూరాలు, తమలపాకులు పెట్టి, అప్పుడు బియ్యం పోసింది. ఒక్కరే పోస్తే సరిపోదు, ఇంకొందరు ఆడవాళ్ళు పొయ్యాలి. అవ్వ చుట్టూ చూసింది. ఎవరూ కదలలేదు. నాందేడ్ దిక్కు నుంచి వస్తున్న ఒక మరాఠీ ముసలమ్మ ఇదంతా చూసి చూసి, "ఓటీ భరతేస్ కా, బాయీ?" అన్నది. వాళ్ళ వైపు కూడా బిడ్డకు ఇట్లాగే ఒడి నింపుతారట. లేచి వచ్చి తానూ దోసిలి నిండా పోసి, నా నుదుట ఇంత కుంకుమ పెట్టింది. ఆమె వెనక మరొకామె వచ్చింది. కంటె ఆవిడ మాత్రం రాలేదు. గార్డును పిలవనూ లేదు.

ఒడి నిండాక బిడ్డ గడప దాటేముందు పిడికెడు బియ్యం తల్లిగారింట్లోనే వదలాలి, లేకపోతే ఆ ఇల్లు వెలితి పడుతుందని అంటారు. రైలుకు గడప ఎక్కడిది? అవ్వ తన కొంగే పట్టింది. అందులో పోశాను. ఆ బియ్యం ఆమె మా ఇంటి కుండలో కలిపిందని, బాపు ఆ అన్నం తిన్నాడని తరువాత గాజుల ఆమె చెప్పింది. బాపు తెలిసి తిన్నాడా, తెలియక తిన్నాడా నేను అడగలేదు. తిన్నాడు, అది చాలు.

ఆ తరువాత కామారెడ్డి దాకా మేము ముగ్గురం తలుపు పక్కనే కూర్చుని అవ్వ తెచ్చిన జొన్నరొట్టెలు, పుంటికూర తిన్నాం. అవ్వ గురువమ్మ చెయ్యి పట్టుకుని, నా బిడ్డకు ఇంత బువ్వ పెడుతున్నవు, నీ రుణం ఎట్ల తీర్చుకోవాలె అన్నది. గురువమ్మ ఇంకో రొట్టె తుంచి నా చేతిలో పెట్టి, "అయితె నేను అత్తనన్నట్టు. ఇగ సూడు, దీన్ని సతాయించుడే నా పని" అన్నది. అవ్వ నవ్వింది. కామారెడ్డిలో దిగి, మూట చంకన పెట్టుకుని, బండి కదిలేదాకా అక్కడే నిలబడింది.

పట్నం చూసి నేను దిమ్మెరపోయిన మాట నిజమే. సిమెంటు రోడ్లు, రైల్వేవాళ్ళ మోటారు బస్సులు, అగ్గి ముట్టించకుండానే వెలిగే దీపాలు, జట్కావాళ్ళ నోట తిట్టు కూడా పాటలా వినబడే ఆ ఉర్దూ! ఇరానీ హోటలు ముందు నిలబడి గురువమ్మ నాకు చాయ్ తాగించింది. సాసరులో పోసుకుని ఊదుకుంటూ తాగి, ఇంత తీపి పాలు పట్నంవాళ్ళు రోజూ తాగుతారా అని అడిగితే ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. కానీ నిజం చెప్పాలంటే, ఒళ్ళో బరువుగా ఉన్న ఆ బియ్యం మూట ముందు చార్మినార్ కూడా నాకు కొంచెం పొట్టిగానే కనబడింది.

పెద్దింట్లో ఆ బియ్యం నేనే వండాను. పసుపు అన్నం, పప్పు, పచ్చిపులుసు, అవ్వ పెట్టిన బెల్లంతో పరమాన్నం. గురువమ్మకు గురువైన పెద్దావిడ, నాకు నానమ్మ వరస, మంచి కఠినమైన మనిషి, ముద్ద చేతిలోకి తీసుకుని రంగు చూసి, ఇది ఎవరింటి బియ్యం అని అడిగింది. "దీని తల్లిగారింటియి. ఒడిబియ్యం" అన్నది గురువమ్మ. పంక్తిలో చేతులు ఆగిపోయాయి. ఆ ఇంట్లో ఎన్ని ఇళ్ళ బియ్యం వండలేదు! తల్లిగారిల్లు అన్న మాట మాత్రం అక్కడ ఎవరూ పలికి ఎరగరు. పెద్దావిడ ముద్దను అట్లాగే పట్టుకుని, "తల్లిగారింటి బువ్వ తిని ఎన్నేండ్లాయెనే..." అని నోట్లో పెట్టుకుంది. అందరూ తిన్నారు, ఎవరి అవ్వను వాళ్ళు తలుచుకుంటూ తిన్నారు. ఒకామె మా ఊళ్ళో కుడుకలతో పాటు పుట్నాలు కూడా పెట్టేవాళ్ళని అన్నది. ఇంకొకామె తన చెల్లెలి ఒడిబియ్యం నాడు తాను వీధిలో నిలబడి చూసిన సంగతి చెప్పింది. నా గురువమ్మ అందరికీ వడ్డించి, చివరికి గిన్నెకు అంటుకున్నది గీకి, వేలికి వచ్చిన మెతుకు మెతుకూ తిన్నది. ఆమె అంత ఇష్టంగా తినడం ఆ తరువాత నేను మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు వాళ్ళెవరూ లేరు. గురువమ్మ పోయింది, బాపు పోయాడు, అవ్వా పోయింది. ఆ ప్రయాణం తరువాత అవ్వను నిజామాబాదు అంగట్లో కొన్నిసార్లు చూడగలిగాను గానీ, నిలబడి తీరికగా మాట్లాడుకున్నది లేదు. ఫ్యాక్టరీ వచ్చాక మా ఊరి గానుగలు మూలపడ్డాయి. ఒడిబియ్యానికి ఇప్పుడు షామియానాలు వేస్తున్నారు, మైకులు పెడుతున్నారు. దుప్పటి కప్పుకోకుండా చీర కట్టుకుని బజారుకు పోతున్నాను, ఎవరూ పట్టుకుపోవడం లేదు. మంచి రోజులే వచ్చాయి, కాదంటే నాలుకకు పురుగులు పడతాయి.

ఎన్నో ఏళ్ళు నేను ఆ బియ్యాన్నే తలుచుకుని మురిసిపోయాను. ఈ ముసలితనంలో, పని లేక కూర్చున్నప్పుడు, ఇంకొక సంగతి తట్టింది. గాజుల ఆమె తెచ్చిన కబురులో నేను ఏ డబ్బా ఎక్కుతానో లేదు. నాకే తెలియదు. ప్లాట్‌ఫారం మీద ఆఖరి నిమిషం దాకా అటా ఇటా అని వణుకుతూ నిలబడ్డాను. ఊరంతా నన్ను కొడుకనే అన్నది, బాపు కొడుకనే కొట్టాడు. అన్ని డబ్బాలున్న ఆ బండిలో మా అవ్వ ముందుగానే పోయి ఆడవాళ్ళ డబ్బాలో కూర్చుని, నా బిడ్డ ఇందులోకే వస్తుందని ఎదురుచూసింది. ఎట్లా తెలిసిందే అవ్వా నీకు అని అడగాలని ఉంది. ఇప్పుడు ఏ బండి ఎక్కినా, ఎక్కడ కూర్చున్నా, నాకోసం ముందే వచ్చి కూర్చున్నవాళ్ళు ఎవరూ ఉండరు.